వంటచెరకు కోతకు తొలి యంత్ర రంపం: కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు

వంటగ్యాసు పల్లెలకు చేరినప్పటికీ కట్టెల అవసరం పూర్తిగా తీరిపోలేదు. స్నానానికి నీళ్ళు కాచుకోవడానికి, పెళ్ళిళ్ళలో పెద్ద వంటలకు, పసుపు ఉడికించడానికి, చెరకు పిప్పి చాలనప్పుడు బెల్లం పొయ్యికి నేటికీ కట్టెలే ఆధారం. పూర్వం ఈ పని గొడ్డలితోనూ, ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టి లాగే కోత రంపంతోనూ జరిగేది. అంత శ్రమ చేయగల కూలీలు నేడు అరుదుగా దొరుకుతున్నారు. అందువల్ల సన్నకారు రైతులు సైతం పల్లెల్లో కోత మిషను అనీ, దుకాణాలలో చైన్‌సా అనీ పిలిచే యంత్ర రంపం వైపు చూస్తున్నారు.

తుఫానులు ఈ అవసరాన్ని మరింత స్పష్టం చేశాయి. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. పడిన చెట్లను తొలగించనిదే తిరిగి మొక్క నాటే వీలు లేదు. అటువంటి సమయంలో యంత్ర రంపం ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా రోజులలో కాదు, నెలలలో కనిపిస్తుంది.

అయితే రుణం కోసం బ్యాంకు శాఖకు వచ్చే రైతులు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని సి.సి. తీసుకోమంటారు?" అన్నది. ఇది చివర అడగవలసిన ప్రశ్న. ఏడాదికి నాలుగైదు రోజులు మాత్రమే వాడే యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు దాని బలం కంటే మన దుంగ లావు, మనం వాడే గంటలు, దగ్గరలో దొరికే గొలుసు, కాలిని కాపాడే బ్రేకు ముఖ్యం. ఈ వ్యాసంలో ఆ విషయాలను క్రమంగా పరిశీలిద్దాం.

ముందుగా అవసరాన్ని కొలవాలి

దుకాణానికి వెళ్ళే ముందు ఒక పురికొస తీసుకొని పొలంలోకి వెళ్ళాలి. కోయదలచిన చెట్ల మానుల చుట్టూ, లావుపాటి కొమ్మల చుట్టూ కొసను చుట్టి పొడవు కొలవాలి. ఆ చుట్టుకొలతలో మూడవ వంతు కంటే కొద్దిగా తక్కువ దాని అడ్డుకొలత అవుతుంది. చుట్టుకొలత 38 అంగుళాలు ఉంటే అడ్డుకొలత సుమారు 12 అంగుళాలు. 44 అంగుళాలు ఉంటే సుమారు 14 అంగుళాలు. ఇలా పది పన్నెండు దుంగలను కొలిస్తే మనకు నిజంగా ఎంత పెద్ద రంపం కావాలో తెలిసిపోతుంది. ఇంటి వంటచెరకుకు వాడే సరుగుడు, సర్కారు తుమ్మ, సుబాబుల్, జామాయిల్ కట్టె చాలావరకు అడుగు లోపు అడ్డుకొలతే ఉంటుంది. వంద దుంగలలో ఒకటో రెండో లావుగా ఉంటే వాటి కోసం పెద్ద యంత్రం కొనవలసిన అవసరం లేదు. ఆ రెండింటికీ అద్దె మనిషిని పిలిపించుకోవచ్చు.

కట్టె రకాన్ని కూడా గమనించాలి. ఎండిన సరుగుడు, తుమ్మ గట్టివి. వాటిని పచ్చిగా ఉన్నప్పుడే తునకలుగా కోసి, చీల్చి, ఆరబెట్టుకుంటే గొలుసుకూ ఇంజనుకూ శ్రమ తగ్గుతుంది. కొబ్బరి, తాటి మానుల సంగతి వేరు. వీటి పైభాగం నారతో కూడి చాలా గట్టిగా ఉంటుంది, లోపలిది మెత్తన. ఆ పైభాగం గొలుసు పదునును త్వరగా తినివేస్తుంది. కొబ్బరి చెట్లే ఎక్కువగా కోయవలసినవారు అదనపు గొలుసు ఒకటి తప్పనిసరి అని లెక్కలో వేసుకోవాలి. కంచె వెంబడి ఉన్న వేప, తుమ్మ చెట్లలో పాత ముళ్ళతీగ, మేకులు బెరడు లోపలికి ఇంకిపోయి ఉంటాయి. పశువులను కట్టే చెట్లలోనూ ఇనుము దాగి ఉండవచ్చు. ఒక్క మేకు తగిలినా గొలుసు పళ్ళు పాడైపోతాయి.

యంత్ర రంపం అడ్డంగా కోయడానికి మాత్రమేనని కూడా గుర్తుంచుకోవాలి. కోసిన తునకలను నిలువునా చీల్చడానికి గొడ్డలి, ఇనుప మేకు, సమ్మెట ఎప్పటివలెనే కావాలి.

కొనడమా, అద్దెకు పిలవడమా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన లెక్క. కింది ఉదాహరణలోని ధరలు ఊహించుకున్నవి. ప్రతి రైతూ తన ఊరి ధరలను వాటి స్థానంలో వేసి చూసుకోవాలి.

యంత్రం ధర రూ. 16,000, శిరస్త్రాణం, కళ్ళద్దాలు, బూట్లు వంటి రక్షణ సామగ్రి రూ. 4,000, మొత్తం పెట్టుబడి రూ. 20,000 అనుకుందాం. యంత్రం ఐదేళ్ళు పనిచేస్తుందని భావిస్తే ఏడాదికి అయ్యే ఖర్చు ఇలా ఉంటుంది.

1. తరుగుదల: రూ. 4,000
2. సగటు పెట్టుబడి రూ. 10,000పై 10 శాతం చొప్పున వడ్డీ: రూ. 1,000
3. గొలుసు, ఆకురాయి, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, సర్వీసు: రూ. 1,500

అంటే ఒక్క కట్టె కోయకపోయినా దాదాపు రూ. 6,500 ఖర్చు ఉంటుంది. పెట్రోలు, రెండు రకాల నూనె కలిపి గంటకు రూ. 140, నడిపే మనిషి శ్రమ రూ. 110 అనుకుంటే గంట పనికి రూ. 250 అవుతుంది. మనిషితో సహా అద్దె యంత్రానికి గంటకు రూ. 500 అయితే సొంత యంత్రం వల్ల గంటకు మిగిలేది రూ. 250. కనుక 6,500ను 250తో భాగిస్తే 26 వస్తుంది. ఏడాదికి 26 గంటలు, అనగా రోజుకు నాలుగైదు గంటల చొప్పున సుమారు ఆరు రోజులు పని ఉంటేనే సొంత యంత్రం గిట్టుబాటు అవుతుంది. అంతకంటే తక్కువ పని ఉన్నవారికి అద్దెకు పిలిపించుకోవడమే లాభం.

ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది. తుఫాను వచ్చిన వారంలో ఎంత డబ్బు ఇచ్చినా అద్దె యంత్రం దొరకదు. తీర ప్రాంతపు తోటల రైతులు ఈ విషయాన్ని కూడా తూచుకోవాలి. అటువంటి చోట పక్కపక్క పొలాల రైతులు ముగ్గురు నలుగురు కలిసి ఒక యంత్రం కొనవచ్చు. అయితే ఉమ్మడి యంత్రానికి బాధ్యుడు ఒక్కడే ఉండాలి. నూనె కలపడం, పదును పెట్టడం అతని చేతి మీదుగానే జరగాలి. అందరూ వాడి ఎవరూ చూసుకోని యంత్రం ఒక్క సీజను కూడా నిలవదు.

పెట్రోలా, కరెంటా, బ్యాటరీయా?

ఇంటి ఆవరణలోనే దుంగలు పేర్చి కోసుకునేవారికి కరెంటుతో నడిచే యంత్రం చౌక, తేలిక, సులువు. పెట్రోలు, నూనె కలిపే పని లేదు, స్టార్టింగు బాధ లేదు. 2,000 వాట్ల యంత్రం సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. సన్నని పొడవాటి వైరు వేస్తే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కి కాలిపోతుంది. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తింగు సరిగా ఉన్న ప్లగ్గు, షాకు కొట్టగానే కరెంటును ఆపే బ్రేకరు ఉండాలి. తడి నేల మీద, వాన చినుకులలో దీనిని వాడరాదు.

బ్యాటరీ యంత్రాలు ఇటీవల విరివిగా వస్తున్నాయి. చప్పుడు తక్కువ, పొగ లేదు. అరచేయి పొడవు బార్‌తో వచ్చే చిన్న బ్యాటరీ రంపాలు మామిడి, నిమ్మ తోటలలో కొమ్మలు కత్తిరించడానికి బాగుంటాయి కాని దుంగల కోతకు పనికిరావు. పెద్ద బ్యాటరీ యంత్రాలు దుంగలు కోస్తాయి. వాటిలో ఖరీదైన భాగం బ్యాటరీయే. దాని హామీ కాలం ఎంతో, విడిగా కొనాలంటే ధర ఎంతో ముందే అడగాలి.

కరెంటు లేని పొలంలో, తుఫాను తరువాత స్తంభాలు పడిపోయిన రోజులలో పనికివచ్చేది పెట్రోలు యంత్రమే. రైతుకు మొదటి యంత్రంగా ఎక్కువగా అదే కుదురుతుంది. ఇకపై చెప్పే విషయాలు ప్రధానంగా దానికి సంబంధించినవి.

ఇంజను, బార్ పొడవు

గొలుసు తిరిగే పొడవాటి ఇనుప పలకను బార్ అంటారు. దుంగ అడ్డుకొలత కంటే బార్ రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. 12 నుంచి 14 అంగుళాల దుంగకు 14 లేక 16 అంగుళాల బార్ సరిపోతుంది. దానిని తిప్పడానికి 35 నుంచి 40 సి.సి. ఇంజను చాలు. ఇటువంటి యంత్రం బార్ లేకుండా నాలుగైదు కిలోల బరువు ఉంటుంది.

బజారులో 58 సి.సి. ఇంజను, 22 అంగుళాల బార్‌తో అతి తక్కువ ధరకు యంత్రాలు కనిపిస్తాయి. తక్కువ డబ్బుకు పెద్ద యంత్రం వస్తున్నదన్న ఆశ సహజమే. కాని బార్ పొడవు పెరిగిన కొద్దీ గొలుసులో పళ్ళు పెరుగుతాయి, బరువు పెరుగుతుంది, పదును పెట్టే పని పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా బార్ కొన మన కంటికి దూరమవుతుంది. ఆ కొన దుంగ వెనుక మరొక కొమ్మకు తగిలినా కొత్తవానికి తెలియదు. ఆరేడు కిలోల యంత్రాన్ని గంటసేపు పట్టుకున్న చేతులు వణకడం మొదలుపెడతాయి. ప్రమాదాలు జరిగేది ఆ సమయంలోనే.

గొలుసే యంత్రానికి ప్రాణం

యంత్ర రంపాన్ని కనిపెట్టి వందేళ్ళయింది. జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతో, 1929లో పెట్రోలుతో నడిచే రంపాలను తయారుచేశారు. అయితే నేడు మనం చూసే గొలుసు రూపం అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత పనివాని ఆలోచన. పచ్చి కట్టెను సునాయాసంగా తొలుచుకుపోతున్న ఒక పెంకుపురుగు పిల్లను 1946లో ఆయన గమనించారు. దాని దవడలు కుడికీ ఎడమకూ కోసుకుంటూ పోతున్నాయి. అదే పద్ధతిలో ఒక పన్ను కుడికి, మరొక పన్ను ఎడమకు వంగి ఉండేటట్లు ఆయన గొలుసును రూపొందించారు. నేటి గొలుసులన్నీ ఆ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి.

పదునైన గొలుసు తన బరువుతోనే కట్టెలోకి దిగుతుంది. మనిషి నొక్కవలసిన అవసరం ఉండదు. కోత నుంచి రేకుల వంటి తురుము రాలితే గొలుసు పదునుగా ఉన్నట్లు. పిండి వంటి పొడి రాలుతూ, పొగ వాసన వస్తూ, యంత్రాన్ని నొక్కవలసి వస్తే మొద్దుబారినట్లు. మొద్దు గొలుసుతో 58 సి.సి. యంత్రం చేయలేని పనిని పదును గొలుసుతో 38 సి.సి. యంత్రం చేస్తుంది.

పదును పెట్టడానికి గుండ్రని ఆకురాయి కావాలి. దాని మందం గొలుసు కొలతను బట్టి ఉంటుంది. చిన్న యంత్రాలలో సాధారణంగా వచ్చే తక్కువ ఎత్తు మూడు-ఎనిమిదో వంతు గొలుసుకు 4 మి.మీ. ఆకురాయి, .325 గొలుసుకు 4.8 మి.మీ. ఆకురాయి వాడతారు. గొలుసు కొనేటప్పుడు మూడు అంకెలు కావాలి: లింకుల మధ్య దూరం, గాడిలో ఇమిడే మందం, మొత్తం లింకుల సంఖ్య. ఈ మూడూ బార్ మీదనో, యంత్రంతో వచ్చే పుస్తకంలోనో ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద రాసి దాచుకోవాలి. "పదహారు అంగుళాల గొలుసు ఇవ్వండి" అని మాత్రమే అడిగితే సరిపడనిది రావచ్చు.

రక్షణ భాగాలు లేని యంత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు

పూర్తి వేగంలో గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే గొలుసు అక్కడ పట్టుకొని, ఆ బలమంతా యంత్రాన్ని పైకి, మనిషి ముఖం వైపు విసురుతుంది. దీనిని ఎదురుతన్ను అనవచ్చు. మనిషి చేయి స్పందించే లోపే ఇది జరిగిపోతుంది. అందుకే ఆ పనిని యంత్రమే చేసుకోవాలి. కొనే ముందు కింది భాగాలు ఉన్నవో లేవో, పనిచేస్తున్నవో లేవో చూడాలి.

1. గొలుసు బ్రేకు: ముందు చేతి పిడికి ముందు ఉండే రెక్కను తోయగానే గొలుసు తక్షణం ఆగాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం.
2. యాక్సిలరేటరు తాళం: వెనుక పిడి మీది మీటను అరచేయి నొక్కితేనే యాక్సిలరేటరు కదలాలి. కొమ్మ తగిలి తానుగా వేగం పెరగకూడదు.
3. గొలుసు కొక్కెం: గొలుసు తెగినా, జారినా వెనక్కి కొట్టకుండా పట్టుకొనేది.
4. కుదుపు తగ్గించే స్ప్రింగులు లేక రబ్బర్లు: ఇవి లేకపోతే చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి.
5. ఆపే స్విచ్చి: కుడి బొటనవేలికి అందేటట్లు ఉండాలి.

దుకాణంలోనే యంత్రాన్ని నడిపించి చూడాలి. యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంజను నడుస్తూ ఉన్నా గొలుసు కదలకూడదు. కదిలితే సరిచేయించిన తరువాతనే తీసుకోవాలి. గొలుసుకు నూనె అందుతున్నదో లేదో చూడడానికి బార్ కొనను ఒక తెల్ల కాగితానికి ఎదురుగా, తాకకుండా పట్టి వేగం పెంచాలి. కాగితం మీద సన్నని నూనె గీత పడాలి.

మనిషికి కావలసిన రక్షణ కూడా యంత్రం ధరలో భాగమే. చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది కనుక చెవులకు మూతలు, కళ్ళకు జాలీ లేక అద్దాలు, తలకు శిరస్త్రాణం, కాళ్ళకు ముందుభాగం గట్టిగా ఉన్న బూట్లు కావాలి. గొలుసు తగలగానే లోపలి నార పోగులు బయటికి వచ్చి గొలుసును ఆపే ప్రత్యేకమైన ప్యాంటులు కూడా ఉన్నాయి. ఖరీదైనవైనా ఎక్కువ గంటలు పనిచేసేవారికి అవసరం. పంచె, లుంగీ, భుజం మీది కండువా, చెప్పులతో ఈ యంత్రాన్ని ముట్టుకోరాదు.

దుకాణదారుని అడగవలసిన ప్రశ్నలు

ధర అడిగే ముందు గొలుసు, బార్, ప్లగ్, కార్బురేటర్ కిట్టు, స్టార్టరు తాడు ఈ దుకాణంలో ఇప్పుడు ఉన్నాయా అని అడగాలి. "తెప్పిస్తాము" అన్న జవాబు వస్తే ఎన్ని రోజులకో అడగాలి. పేరూ చిరునామా లేని యంత్రం ధర సర్వీసు ఉన్న కంపెనీ యంత్రం ధరలో మూడవ వంతే ఉండవచ్చు. కాని ఒక చిన్న భాగం దొరకక కట్టెల పాకలో మూలపడితే ఆ మూడవ వంతు కూడా నష్టమే. మరమ్మతు చేసే మెకానిక్కు మండల కేంద్రంలో ఉన్నాడా, జిల్లా కేంద్రానికి పోవాలా అన్నది కూడా ధరతో సమానమైన విషయం.

ఇంజను నంబరు రాసిన పక్కా బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు తీసుకోవాలి. ఇవి లేకపోతే దొంగతనం జరిగినప్పుడు ఫిర్యాదుకు గాని, బ్యాంకు రుణానికి గాని ఆధారం ఉండదు. పాత యంత్రం కొనదలచినవారు ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టరు తాడును మెల్లగా లాగి చూడాలి. గట్టి ఎదురు ఒత్తిడి లేకుండా తేలికగా వచ్చేస్తే సిలిండరు అరిగినట్లు భావించవచ్చు.

ఇంధనం, నూనె, నిల్వ

పెట్రోలు యంత్రాలలో ఎక్కువ భాగం టూ స్ట్రోకు ఇంజనుతో వస్తాయి. వీటికి విడి ఇంజను ఆయిలు ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే సిలిండరుకు రక్ష. యంత్రంతో వచ్చే పుస్తకంలో 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోకు ఆయిలు కలపాలి. కొత్త యంత్రాలు తొలి ఏడాదిలోనే పాడవడానికి ప్రధాన కారణాలలో ఒకటి ఉత్త పెట్రోలు పోసి నడపడం. కొద్ది నిమిషాలలోనే పిస్టను పట్టేసి ఇంజను పనికిరాకుండా పోతుంది. కనుక కలిపిన పెట్రోలు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి వేరుగా ఉంచాలి.

బార్‌కు, గొలుసుకు విడి తొట్టె, విడి నూనె ఉంటాయి. ట్రాక్టరు నుంచి తీసిన కాలిన ఆయిలు ఇందులో పోయరాదు. అందులోని ఇనుప రజను చిన్న నూనె పంపును అరగదీస్తుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఈ నూనె కూడా నింపడం అలవాటు చేసుకోవాలి.

అప్పుడప్పుడు వాడే యంత్రానికి అసలు శత్రువు పని కాదు, ఖాళీ. నేడు బంకులలో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బురేటర్ తుప్పు పట్టి, పలుచని పొరలు గట్టిపడి, తరువాతి సీజనులో యంత్రం స్టార్టు కాదు. కాబట్టి ఒక నెలకు సరిపడినంతే కలుపుకోవాలి. పని ముగిసిన తరువాత ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయే వరకు నడిపి, ఎయిర్ ఫిల్టరు దులిపి, గొలుసు తుడిచి భద్రపరచాలి.

పని మొదలుపెట్టే ముందు

యంత్రం కొన్నవెంటనే నిలబడి ఉన్న చెట్టు మీదికి పోరాదు. మొదట నేల మీద ఉన్న సన్నని దుంగలను కోయడం నేర్చుకోవాలి. దుంగను నేలకు ఆనించక రెండు దిమ్మెల మీద ఎత్తి పెట్టుకోవాలి. మట్టి తగిలితే గొలుసు ఒక్క క్షణంలో మొద్దుబారుతుంది. రెండు దిమ్మెల మధ్య కోసేటప్పుడు దుంగ కిందికి కుంగి బార్‌ను పట్టేస్తుంది. అందుచేత పైనుంచి మూడవ వంతు కోసి, తరువాత కింది నుంచి కోసుకురావాలి. దిమ్మె అవతలికి పొడుచుకు వచ్చిన భాగాన్ని కోసేటప్పుడు దీనికి విరుద్ధంగా కింది నుంచి కొద్దిగా కోసి పైనుంచి పూర్తిచేయాలి.

తుఫానుకు పడిన చెట్లలో ఒక దాగిన ప్రమాదం ఉంది. వేళ్ళతో సహా ఒరిగిన చెట్టు మానును కోయగానే బరువు తగ్గి, మట్టితో కూడిన వేళ్ళ దిమ్మ ఒక్కసారిగా లేచి నిలబడవచ్చు, లేక ముందుకు పడవచ్చు. ఆ గోతిలో గాని, వేళ్ళ వెనుక గాని ఎవరూ ఉండకూడదు. కరెంటు తీగలు చిక్కుకున్న చెట్టును విద్యుత్ సిబ్బంది సరఫరా నిలిపివేశారని తెలిసే వరకు ముట్టుకోరాదు.

భుజం ఎత్తుకు మించి, నిచ్చెన మీద నుంచి, ఒంటి చేత్తో ఈ యంత్రాన్ని నడపకూడదు. ఒంటరిగా పొలంలో పనిచేయకూడదు. వేడి ఇంజనులో పెట్రోలు పోయకూడదు. పోసిన చోటు నుంచి పది అడుగులు దూరం జరిగి స్టార్టు చేయాలి.

చట్టం అనుమతి

మన పొలంలోని చెట్టు అయినంత మాత్రాన ఇష్టం వచ్చినట్లు కొట్టడానికి వీలు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అనగా వాల్టా చట్టం ప్రకారం చెట్లు నరకడానికి అధికారుల అనుమతి అవసరం. తోటలుగా పెంచే కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి. ఏ జాతికి మినహాయింపు ఉన్నదో అటవీ రేంజి కార్యాలయంలో ముందుగా తెలుసుకోవాలి. కలపను, కట్టెను బండి మీద తరలించడానికి రవాణా అనుమతి కూడా అవసరం కావచ్చు. రిజర్వు అడవిలో ఈ యంత్రంతో పట్టుబడితే యంత్రమూ, బండీ రెండూ పోగొట్టుకోవలసి వస్తుంది.

బ్యాంకు రుణం సంగతి

సొంత వాడకానికి కొనే ఒక్క యంత్రానికి విడిగా రుణం తీసుకోవడం కంటే, పొదుపు నుంచి కొనడం మేలు. అయినా అవసరమైనవారు 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా పంట రుణంతో పాటు వ్యవసాయ పనిముట్లకు పెట్టుబడి రుణం కోరవచ్చు. దుకాణం కొటేషను, భూమి పత్రాలతో శాఖను సంప్రదించాలి. ఒక హెచ్చరిక అవసరం. పంట ఖర్చులకు ఇచ్చిన డబ్బును యంత్రానికి మళ్ళించరాదు. ఆ డబ్బు రంపంలో ఇరుక్కుంటే ఎరువు వేయవలసిన వారంలో బయటి వడ్డీకి అప్పు చేయవలసి వస్తుంది. అప్పుడు చౌకగా వచ్చిన యంత్రం కూడా ఖరీదైనదే అవుతుంది.

నైపుణ్యం ఉన్న యువకులు అద్దెకు తిప్పే ఉద్దేశంతో కొనదలిస్తే లెక్క మారుతుంది. వారు 2015లో ప్రారంభమైన ముద్రా పథకంలో శిశు తరగతి కింద రూ. 50,000 వరకు రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వారికి 50 సి.సి.కి పైబడిన యంత్రం, రెండు మూడు గొలుసులు, పూర్తి రక్షణ దుస్తులు తగిన పెట్టుబడి. ఏ నెలలో ఎన్ని రోజుల పని దొరుకుతుందో చూపే లెక్కను దరఖాస్తుతో జతచేస్తే పరిశీలన సులువవుతుంది. యంత్రాలపై రాయితీ ఏమైనా ఉన్నదేమో ఆ ఏడాది జాబితాను వ్యవసాయ, ఉద్యాన శాఖల కార్యాలయాలలో చూసుకున్న తరువాతనే కొనుగోలు చేయాలి. ముందుగా కొన్న యంత్రానికి తరువాత రాయితీ రావడం కష్టం.

సారాంశం

ఏడాదిలో తన పని ఎన్ని గంటలో లెక్కించుకోని రైతు యంత్రం కొనకూడదు. లెక్క కుదిరినవారికి 35 నుంచి 40 సి.సి. ఇంజను, 14 లేక 16 అంగుళాల బార్, పనిచేసే గొలుసు బ్రేకు, మండలంలో దొరికే విడిభాగాలు ఉన్న యంత్రం మొదటిసారికి తగినది. దానితో పాటు అదనపు గొలుసు ఒకటి, సరైన ఆకురాయి ఒకటి, చెవులకు, కళ్ళకు, కాళ్ళకు రక్షణ కొనాలి. చేతిలో ఉన్న డబ్బు వీటన్నిటికీ చాలకపోతే యంత్రాన్ని మరుసటి ఏడాదికి వాయిదా వేయాలి గాని, రక్షణ సామగ్రిని వాయిదా వేయరాదు. ఈ ఏడాది కట్టెలను అద్దె యంత్రంతో కోయించుకోవచ్చు. తెగిన కాలికి బదులు అద్దెకు దొరికేది ఏదీ లేదు.